ఊరి పటంలో వాడ ఎక్కడ?

ప్రాథమిక తరగతుల్లో భూగోళం ఇంటితో మొదలై ఊరు, మండలం, జిల్లా దాకా పోవాలంటారు. ఆకివీడు ప్రాంతంలో మేం చదువుకున్నప్పుడు మాత్రం గంగ, సింధు ఉపనదుల పేర్లు బట్టీ పట్టాం. మా వాడ పక్కనుంచి పోయే మురుగు కాలవ ఎటు పోతుందో ఏ మాస్టారూ అడగలేదు. ఊరి పటం గీయమంటే బడి, గుడి, పంచాయితీ ఆఫీసు గీసేవాళ్ళం. వాడ దాకా వచ్చేసరికి కాగితం అయిపోయేది. గీయొద్దని ఎవరూ అనలేదు. గీయాలని మాకే తోచలేదు. ఈ తోచకపోవడాన్ని నేర్పింది కూడా బడే.

పటంలో చెరువు ఒక నీలి చుక్క. 1985 జూలైలో కారంచేడులో దళితుల మీద జరిగిన దాడికి ముందు గొడవ మొదలైంది వాళ్ళు తాగే నీటి చెరువు దగ్గరే. చెరువు ఎక్కడుందన్నదే కాదు, అందులో ఎవరు నీళ్ళు ముంచుకుంటారు, ఎవరు పాడు చేస్తారన్నది కూడా భూగోళమే.

మన దగ్గర పాఠాన్ని నీటితో మొదలుపెట్టొచ్చు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలుస్తాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా ఆకివీడు పక్కగా బంగాళాఖాతం చేరుతుంది. మూడో తరగతి పిల్లల్ని పంట బోదె దగ్గరికి తీసుకెళ్ళి ఒక ఆకు వేయించండి. ఆకు పోయే వైపు పల్లం. పొద్దున్నే సూర్యుణ్ణి చూసి దిక్కులు గుర్తించమనండి. బడి నుంచి కుళాయికి, కుళాయి నుంచి ఇంటికి అంగలు లెక్కపెట్టించండి. 100 అంగలకి జానెడు చొప్పున నేల మీద సుద్దతో గీయించండి. వాలు, దిక్కు, స్కేలు మూడూ వచ్చేస్తాయి.

కొల్లేటి పిల్లలు ‘ఐదో కాంటూరు’ అన్న మాట ఇంట్లో వింటూనే పెరుగుతారు. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున్న చోట్లని కలిపే గీత అది. 1999లో ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పెట్టుబడి పోయినవాళ్ళూ ఉన్నారు, కూలి పోయినవాళ్ళూ ఉన్నారు. ఇంత పని చేసిన గీత హైస్కూలు దాకా ఆగాలా? బేసిన్లో మట్టి దిబ్బ పెట్టి వేలెడు లోతు నీళ్ళు పోయండి. నీటి అంచు వెంట పుల్లతో గీయించండి. ఇంకో వేలెడు పోసి మళ్ళీ గీయించండి. ఐదో తరగతి పిల్లకి కాంటూరు అర్థమవుతుంది. పెద్ద వానొస్తే ముందు మునిగేది ఎవరి ఇల్లో కూడా తనే చెబుతుంది.

ఒక జాగ్రత్త. ‘నీ ఇల్లు ఏ పేటలో?’ అని క్లాసులో లేపి అడగొద్దు. అది పాఠం కాదు, అవమానం. అందరి పటాలూ పక్కపక్కన పెట్టి, కుళాయిలు ఎక్కడున్నాయి, సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగింది, శ్మశానానికి దారి ఉందా అని అడగండి. పిల్లలే చూసుకుంటారు.

2022లో జిల్లాల పటం మారింది. ఏలూరు వేరే జిల్లా అయింది. ఆకివీడు, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలోనే ఉంది. పటాలు గీసేది మనుషులేనని, మార్చేదీ మనుషులేనని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. ఎవరు మారుస్తున్నారని వాడ పిల్ల అడగాలంటే, ముందు తన ఇల్లు పటంలో ఉండాలి.