సంచిలో పట్టిన వెలుగు: బ్యాటరీ ఫ్లాష్ పుట్టుపూర్వోత్తరాలు

ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండలో మనిషి ముఖాన్ని చక్కగా ఫొటో తీయడం చాలా కష్టం. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుగుంటల్లోనూ ముక్కు కిందా చిక్కటి నీడలు పడతాయి. పోనీ మనిషిని చెట్టు నీడకో వసారాలోకో జరిపితే ముఖం నల్లబడి, వెనుక ఉన్న ఆకాశం రంగంతా పోగొట్టుకుని తెల్లకాగితంలా వస్తుంది. కన్ను తనను తాను సర్దుకుంటుంది గనుక వెలుగునీడల మధ్య ఉన్న ఈ అంతరం చూసేవారికి అంతగా తెలియదు గాని, కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. అందువల్ల సూర్యుడితో పోటీపడగల మరో కాంతిని ముఖం మీదికి పంపవలసి వస్తుంది. ఆ కాంతి గోడలోని ప్లగ్గుతో పని లేకుండా, ఒక్క మనిషి భుజాన మోయగల బరువులో, మామూలు ఫొటోగ్రాఫర్ కొనగల ధరలో దొరకడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది. విశేషమేమంటే, ఈ పరికరంలో వెలుగునిచ్చే గాజు గొట్టం పనిచేసే తీరు 1930ల నుంచీ మౌలికంగా మారలేదు. మారినదంతా ఆ గొట్టం వెనుక విద్యుత్తును నిలవచేసే, విడుదలచేసే, సరైన క్షణంలో ఆపేసే ఏర్పాటు. ఫ్లాష్ కొనదలచినవారు అన్నిటికంటే ముందు పరిశీలించవలసినదీ దాన్నే.

విద్యుత్ మెరుపుతో ఫొటో తీయవచ్చునని మొదట నిరూపించినవాడు, నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీసే పద్ధతిని కనిపెట్టిన ఆంగ్లేయుడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్. ఆయన 1851లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, వేగంగా తిరిగే చక్రానికి ది టైమ్స్ పత్రిక ముక్కను అంటించి, చీకటి గదిలో లేడెన్ జాడీల నుంచి పుట్టించిన నిప్పురవ్వ వెలుగులో దాన్ని ఫొటో తీశాడు. లేడెన్ జాడీ అంటే లోపలా వెలుపలా లోహపు రేకు అంటించిన గాజు సీసా; విద్యుదావేశాన్ని పోగుచేసి ఒక్కసారిగా వదిలే ఈ సాధనమే నేటి కెపాసిటర్‌కు పూర్వరూపం. సూత్రం అప్పుడే దొరికినా దాన్ని భుజాన వేసుకుని తిరిగే దారి లేకపోవడంతో, తరవాతి ఎనభై ఏళ్లూ ఫొటోగ్రాఫర్లు నిప్పునే నమ్ముకున్నారు. 1887లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ మీథే, యోహాన్నెస్ గేడికే మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ కలిపి తయారుచేసిన మెరుపు మందు కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగుతో పాటు దట్టమైన పొగనూ, ఒక్కొక్కసారి ఒళ్లు కాలే ప్రమాదాన్నీ తెచ్చిపెట్టింది. న్యూయార్క్ మురికివాడల చీకటి గదులను పాత్రికేయుడు జేకబ్ రీస్ ప్రపంచానికి చూపగలిగింది ఈ మందుతోనే. 1920ల చివర ప్రాణవాయువు నింపిన గాజు బుడ్డిలో లోహపు రేకును మండించే ఫ్లాష్ బల్బు రావడంతో పొగ బెడద తీరింది గాని, ఒక్కో ఫొటోకు ఒక్కో బల్బు చొప్పున ఖర్చయ్యేది.

నేటి ఫ్లాష్‌కు అసలైన రూపం ఇచ్చినది ఒక మోటార్ల ఇంజనీరు. అమెరికాలోని నెబ్రాస్కాలో 1903లో పుట్టిన హెరాల్డ్ ఎడ్జర్టన్, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పెద్ద విద్యుత్ మోటార్ల నడతను అధ్యయనం చేస్తున్నప్పుడు, పాదరసపు ఆవిరి గొట్టం నుంచి లయబద్ధంగా వెలువడే మెరుపుల్లో గిరగిర తిరిగే రోటర్ కదలకుండా నిలిచిపోయినట్టు కనిపించడాన్ని గమనించాడు. 1931 నాటికి ఆయన ఆ గమనికను స్ట్రోబోస్కోప్ అనే పరికరంగా మలిచాడు. కెన్నెత్ జర్మెస్‌హౌసెన్, హెర్బర్ట్ గ్రియర్ అనే సహచరులతో కలిసి దాన్ని మోటార్లను దాటి నేలరాలే పాలచుక్కలనూ ఆపిల్‌ను చీల్చుకుపోయే తూటానూ ఫొటోలు తీసే స్థాయికి తీసుకువెళ్లాడు. గొట్టంలో నింపే వాయువుగా క్రమంగా జీనాన్ స్థిరపడింది. 1898లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనుగొన్న ఈ జడవాయువు గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా ఉండదు. అయినా తీవ్రమైన విద్యుత్ ప్రవాహంలో అది ఇచ్చే తెల్లటి వెలుగు పగటి సూర్యకాంతికి ఎంతో దగ్గరగా ఉండడం వల్ల, ఎండనూ ఫ్లాష్‌నూ ఒకే ఫొటోలో కలిపినా రంగులు తేడా కొట్టవు. రెండో ప్రపంచయుద్ధంలో ఎడ్జర్టన్ విమానాల్లో బిగించడానికి రూపొందించిన భారీ ఫ్లాష్‌లు రాత్రిపూట వేల అడుగుల ఎత్తు నుంచి నేలను వెలిగించాయి. 1944 జూన్‌లో మిత్రసేనలు నార్మండీ తీరాన దిగడానికి ముందు రాత్రి నిఘా ఫొటోలకు ఉపకరించినవి అవే.

ఈ పరికరం పనితీరును దగ్గరగా పరిశీలిస్తే దాని చరిత్ర అంతా అర్థమవుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే కొద్దిపాటి వోల్టేజిని ఒక ఎలక్ట్రానిక్ వలయం క్షణానికి వేలసార్లు తెంచి కలుపుతూ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, మూడు వందల వోల్టులకు పైగా పెంచుతుంది. పాత ఫ్లాష్‌లు సిద్ధమయ్యేటప్పుడు వినిపించే సన్నటి కీచు శబ్దం ఆ తెంపుకలపలదే. పెరిగిన ఆ విద్యుత్తు కెపాసిటర్‌లో పోగవుతుంది. సన్నటి కుళాయి ధార కింద బిందె నింపి, నిండిన నీటినంతా ఒక్క విసురున కుమ్మరించడం వంటిదే కెపాసిటర్ చేసే పని: బ్యాటరీ ఒకటి రెండు సెకన్లలో మెల్లగా ఇచ్చిన శక్తిని అది సెకనులో వెయ్యోవంతు వ్యవధిలో గొట్టంలోకి దింపేస్తుంది. అయితే జీనాన్ మామూలు స్థితిలో విద్యుత్తును ప్రవహించనివ్వదు గనుక, గొట్టానికి చుట్టిన సన్నటి తీగకు కొన్ని వేల వోల్టుల చిన్న తాకిడి ఇచ్చి, వాయువులోని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టాలి. అయనీకరణం అనే ఈ చర్యతో గొట్టంలో దారి తెరుచుకుంటుంది. అటుపైన వందల ఆంపియర్ల ప్రవాహం ఒక్కుమ్మడిగా దూకి మెరుపవుతుంది. కెపాసిటర్‌లో దాగిన శక్తి దాని సామర్థ్యాన్నీ వోల్టేజి వర్గాన్నీ గుణించి సగం చేస్తే వస్తుంది; 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 330 వోల్టుల దాకా నింపితే సుమారు 54 జౌళ్లు నిలవ ఉంటాయన్నమాట. ఫ్లాష్‌ల పెట్టెల మీద రాసే వాట్-సెకను అనే కొలత ఈ జౌలుకు మరో పేరే.

మోయగల ఫ్లాష్‌కు చాలాకాలం అడ్డుపడినది బ్యాటరీయే. 1940, 50లలో పత్రికా ఫొటోగ్రాఫర్లు సీసం-ఆమ్లం బ్యాటరీలున్న బరువైన పెట్టెలనో, వందల వోల్టులిచ్చే ఖరీదైన పొడి బ్యాటరీలనో భుజానికి తగిలించుకుని తిరిగేవారు. ట్రాన్సిస్టర్ వచ్చాక నాలుగు చిన్న పెన్సిల్ బ్యాటరీల నుంచే అవసరమైనంత వోల్టేజి రాబట్టడం వీలైంది. తరవాతి చిక్కు మెరుపును మధ్యలో ఆపడం. వస్తువు నుంచి తిరిగొచ్చే కాంతిని కొలిచి చాలినంత కాగానే మెరుపును ముగించే తొలి ఆటోమేటిక్ ఫ్లాష్‌లు, మిగిలిన విద్యుత్తును వెలుగు కనిపించని మరో గొట్టంలోకి మళ్లించి వృథా చేసేవి. 1970లలో వ్యాపించిన థైరిస్టర్ అనే అర్ధవాహక స్విచ్ ఆ మిగులును కెపాసిటర్‌లోనే నిలిపి, బ్యాటరీని ఆదా చేసింది. కాని థైరిస్టర్‌ను తెరవడం తేలిక, దానంతట దాన్ని మూయించడం కష్టం. అందుకోసం అదనపు వలయాలు కావలసివచ్చేవి.

ఆ కొరత తీర్చిన ఆవిష్కరణలో ఒక భారతీయుడి పాత్ర ఉందన్న సంగతి ఫ్లాష్ వాడేవారిలో కొద్దిమందికే తెలుసు. 1948లో మద్రాసులో పుట్టి, 1969లో మద్రాసు ఐఐటీ నుంచి పట్టా పొందిన బంట్వాల్ జయంత్ బాలిగా, 1980ల ఆరంభంలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో ఐజీబీటీ అనే స్విచ్‌ను అభివృద్ధి చేశాడు. పెద్ద ప్రవాహాలను తట్టుకుంటూనే చిన్న వోల్టేజి సంకేతంతో తెరుచుకుని, అంతే సులువుగా మూసుకోవడం దీని ప్రత్యేకత. రైలింజన్ల నుంచి విద్యుత్ కార్ల దాకా వ్యాపించిన ఈ స్విచ్‌కే ఆయనకు 2024లో మిలీనియం టెక్నాలజీ బహుమతి దక్కింది. ఫ్లాష్‌లో ఐజీబీటీ మెరుపును కావలసిన చోట కచ్చితంగా తెంచగలదు గనుక, పూర్తి శక్తి నుంచి అందులో 128వ వంతు దాకా మెట్లుమెట్లుగా తగ్గించుకునే వీలు కలిగింది. శక్తి తగ్గించినకొద్దీ మెరుపు నిడివి కూడా తగ్గి, ఎగసిపడే నీటిని, ఎగిరే పమిటను చెదరకుండా పట్టుకోవచ్చు. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది: మెరుపు చివరన వచ్చే ఎర్రటి కాంతి తెగిపోవడం వల్ల తక్కువ శక్తి దగ్గర వెలుగు కొద్దిగా నీలి వైపు మొగ్గుతుంది.

చివరి అడ్డంకిని లిథియం అయాన్ బ్యాటరీ తొలగించింది. 1991లో సోనీ సంస్థ మార్కెట్‌లోకి తెచ్చిన ఈ బ్యాటరీ ఫోన్లూ ల్యాప్‌టాప్‌ల గిరాకీ వల్ల చవకబడుతూ వచ్చింది. స్వీడన్‌కు చెందిన ప్రొఫోటో సంస్థ 2013లో, బ్యాటరీని తనలోనే ఇముడ్చుకున్న 500 వాట్-సెకన్ల బి1 ఫ్లాష్‌ను రెండు వేల డాలర్ల దరిదాపుల్లో అమ్మింది. చైనాలోని షెన్‌జెన్ కేంద్రంగా 1993 నుంచి పనిచేస్తున్న గోడాక్స్ సంస్థ 2017లో మూడు వందల డాలర్ల ప్రాంతంలో ఏడీ200ను తెచ్చింది. శక్తి 200 వాట్-సెకన్లే అయినా అది కెమెరా సంచిలో లెన్స్ పక్కన ఒదిగిపోయింది. దాని బ్యాటరీ 14.4 వోల్టులు, 2900 మిల్లీ ఆంపియర్-గంటలు. లెక్క కడితే సుమారు 42 వాట్-గంటలు, అంటే లక్షా యాభై వేల జౌళ్లు. ఒక్కసారి నింపితే 500 పూర్తి మెరుపులు వస్తాయని తయారీదారు చెప్పే మాట నిజమైతే లక్ష జౌళ్లు కెపాసిటర్‌కు చేరినట్టు. మిగతా మూడో వంతు వేడిగా పోయిందని గ్రహిస్తే ఆ మాట నమ్మదగినదేనని తేలుతుంది. కొనుగోలుదారుడు ప్రకటనలోని అంకెలను ఇలా తానే సరిచూసుకోవడం అలవాటు చేసుకుంటే డబ్బు వృథా కాదు.

ఎంత శక్తి కావాలన్నది కూడా లెక్కతో తేలే విషయమే. సెన్సర్ కాంతి గ్రహణశక్తి ఐఎస్ఓ 100 వద్ద ఉంటే నిండు ఎండకు లెన్స్‌లో ఎఫ్ 16 ద్వారం, సెకనులో నూరో వంతు షట్టర్ సరిపోతాయి. చాలా కెమెరాల్లో షట్టర్ తెరలు రెండూ పూర్తిగా తొలగి సెన్సర్ అంతా ఒకేసారి కనిపించేది 1/200 సెకను దాకానే; అంతకంటే వేగం పెంచితే తెరల మధ్య సన్నటి చీలిక మాత్రమే కదులుతుంది గనుక ఫ్లాష్ వెలుగు ఫొటోలో ఒక పట్టీకే పడుతుంది. 1/200కు మారితే ద్వారం ఎఫ్ 11 అవుతుంది. ఫ్లాష్ బలాన్ని సూచించే గైడ్ నంబరు, దూరాన్ని ద్వారపు అంకెతో గుణిస్తే వస్తుంది. కాబట్టి రెండు మీటర్ల దూరంలోని ముఖాన్ని ఎండకు దీటుగా వెలిగించడానికి 22 గైడ్ నంబరు కావాలి. కెమెరా మీద బిగించే పెద్ద ఫ్లాష్‌కు వెడల్పాటి వెలుగులో 36 ఉంటుందనుకుంటే, నీడలను మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ అందులో నాలుగింట మూడు వంతుల కాంతిని మింగితే 18 మాత్రమే మిగులుతుంది; అది చాలదు. దానికి ఇంచుమించు మూడింతల శక్తి ఉన్న 200 వాట్-సెకన్ల ఫ్లాష్ అదే సాఫ్ట్‌బాక్స్ వెనుక నుంచి 31 దాకా ఇస్తుంది. ఒకరిద్దరిని తీసేవారికి ఇది చాలు; పెళ్లి బృందాన్ని దూరం నుంచి వెలిగించాలంటే 600 వాట్-సెకన్లకు వెళ్లక తప్పదు, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

వెనుక దృశ్యాన్ని మసకబరచడానికి ద్వారాన్ని ఎఫ్ 2.8 దాకా తెరిచి, షట్టర్ వేగం పెంచాలనుకునేవారి కోసం హైస్పీడ్ సింక్ అనే పద్ధతి ఉంది. 1986లో ఒలింపస్ ఎఫ్280తో వచ్చిన ఈ పద్ధతిలో ఫ్లాష్ ఒక్క మెరుపుకు బదులు చీలిక కదిలినంతసేపూ సెకనుకు వేల చొప్పున చిన్న మెరుపులు కురిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం మూసిన తెర మీదే పడి వృథా అవుతుంది గనుక బలం నాలుగో వంతుకో అంతకంటే తక్కువకో పడిపోతుంది; ఈ సంగతి తెలియక తక్కువ శక్తి ఫ్లాష్ కొన్నవారు నిరాశపడతారు.

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో కోటల దగ్గరా నదీతీరాల్లోనూ పెళ్లికి ముందు ఫొటోలు తీసే ఫొటోగ్రాఫర్లకు వేసవి ఎండ మరో పరీక్ష. వరుసగా పూర్తి శక్తితో కొడితే గొట్టం వేడెక్కి ఫ్లాష్ తనంతట తానే నెమ్మదిస్తుంది. మూసిన కారులో వదిలేసిన లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బ్యాటరీని ఊడదీసి మార్చుకునే వీలుందా, గొట్టం విడిగా దొరుకుతుందా, దగ్గరి ఊళ్లో మరమ్మతు చేసేవారున్నారా, చాలా కంపెనీల సాఫ్ట్‌బాక్స్‌లు పట్టే బోవెన్స్ తరహా అమరిక ఉందా లేక దానికి అడాప్టర్ దొరుకుతుందా అన్నవి ధరకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు. విమానంలో వెళ్లేవారు బ్యాటరీ 100 వాట్-గంటలు మించకుండా చూసుకుని, విడి బ్యాటరీలను చేతి సామానులోనే పెట్టుకోవాలి. పాత ఫ్లాష్‌లు చవకగా దొరికినా, వాటిలో కొన్ని కెమెరా పైభాగాన ఫ్లాష్ బిగించే చోటి లోహపు స్పర్శకు రెండు వందల వోల్టులకు పైగా పంపుతాయి; డిజిటల్ కెమెరా దానికి పాడైపోవచ్చు గనుక, రేడియో ట్రిగ్గర్‌తో దూరం నుంచి వెలిగించే కొత్త ఫ్లాష్‌లే మేలు. నెలల తరబడి వాడని ఫ్లాష్‌లోని కెపాసిటర్‌లో లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. అప్పుడప్పుడూ ఛార్జ్ చేసి కొన్ని మెరుపులు కొడుతుంటే ఆ పొర తిరిగి గట్టిపడుతుంది. మూత విప్పి చూడాలన్న ఆసక్తి మాత్రం ఎవరికీ తగదు. బ్యాటరీ తీసేశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీయగల ఆవేశం మిగిలి ఉంటుంది.

నిరంతరం వెలిగే ఎల్ఈడీ దీపాలు ఇంతగా చవకబడ్డాక జీనాన్ గొట్టానికి రోజులు చెల్లినట్టేనన్న మాట తరచు వినబడుతుంది. కాని 200 జౌళ్లను 1/200 సెకనులో అందించాలంటే దీపం ఆ కాసేపూ 40,000 వాట్లు ఖర్చుచేయాలి. ఎల్ఈడీ అంతే విద్యుత్తుతో మూడింతల వెలుగిస్తుందనుకున్నా పదమూడు వేల వాట్ల దీపం కావాలి. దాన్ని నడిపే బ్యాటరీ భుజాన మోయగలిగేది కాదు గనుక, ఎండలో నిలబడిన మనిషి ముఖాన్ని వెలిగించే పని ఇంకా ఈ గాజు గొట్టానిదే.