సుగ్గికి పోయేవాళ్ల సంచిలో ఇన్సులిన్

పత్తి తీతలు అయిపోయి చేలల్లో పని దొరకని రోజులు వచ్చేసరికి ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం, నందవరం చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. నేను చెబుతున్నది బనగానపల్లె దగ్గర చౌడేశ్వరీ అమ్మవారు వెలసిన నందవరం కాదు. ఎమ్మిగనూరుకు పైన, తుంగభద్రకు దాపున ఉన్న మండల కేంద్రం. ఇక్కడి జనం సుగ్గికి పోతారు. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు రెండు మూడు నెలలు. బియ్యం మూట, గిన్నెలు, పరుపు చుట్టలు, ముసలివాళ్లు, పిల్లలు అందరూ ఒకే బండిలో. కర్నూలు, ఆత్మకూరు, నల్లమల దాటి దోర్నాల, వినుకొండ మీదుగా రాత్రంతా ప్రయాణం. పోయినచోట చేను గట్టున టార్పాలిన్ పట్టల గుడిసె. అందులో కరెంటు ఉంటే బల్బు ఒకటి వెలుగుతుంది. ఫ్రిజ్ మాట ఎవరూ ఎత్తరు.

షుగరు ఒకప్పుడు కూర్చుని తినేవాళ్ల జబ్బనుకున్నారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుతో ఉన్నారని లెక్క తేల్చింది. వాళ్లలో నడుం వంచి మిరపకాయ కోసేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరు పొద్దున, రాత్రి ఇన్సులిన్ సూది వేసుకోవాలి. "ఫ్రిజ్‌లో పెట్టండి" అని డాక్టరు చెప్పిన మాట చెవిలో ఉంటుంది, సంచి భుజాన ఉంటుంది. అప్పుడు కొందరు సుగ్గి మానుకుంటారు, కూలి పోతుంది. కొందరు "వచ్చాక వేసుకుందాంలే" అని సూదే మానేస్తారు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకొందరు మందు చెడకూడదని ఐసు ముక్కల మధ్య పెట్టి తీసుకెళ్తారు. అందరికంటే జాగ్రత్తగా ఉన్నామనుకునేది వీళ్లే. కానీ మందును పాడుచేసుకునేదీ చాలాసార్లు వీళ్లే.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తి. 51 అమైనో ఆమ్లాలు ఒక పద్ధతిలో ముడుచుకుని ఉన్న చిన్న అణువు. అది పనిచేసేది ఆ ముడుపు వల్లే. ముడుపు విడిపోతే మందు నీళ్లతో సమానం. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ పచ్చిసొన కానట్టే, విడిపోయిన ముడుపును చల్లబరిచి వెనక్కి తేలేం.

ఎండ ఆ ముడుపును నిదానంగా విప్పుతుంది. 30 డిగ్రీల్లో వారాలు పడుతుంది, 40 దాటితే వేగం పెరుగుతుంది, ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీదైతే గంటల్లోనే ప్రమాదం. గడ్డకట్టడం మాత్రం ఒక్క రాత్రిలో పని ముగించేస్తుంది. అందుకే కంపెనీలు మందుతో ఇచ్చే కాగితాలన్నిటిలోనూ ఒకే హెచ్చరిక ఉంటుంది: ఒకసారి గడ్డకడితే, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాలి. "2 నుంచి 8 డిగ్రీలు" అన్న ఫ్రిజ్ చలవ అంకెల్లో మనకు 8 ఒక్కటే గుర్తుంటుంది, 2ను మరచిపోతాం. మెడికల్ షాపులో ప్లాస్టిక్ కవరులో ఐసు ముక్కలు వేసి, వాటి మధ్య సీసా దూర్చి ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. మంచి మనసుతోనే ఇస్తారు. కానీ ఐసును ఆనుకున్న వైపు గాజు సున్నాకు దిగిపోవచ్చు. ఇంట్లో ఒంటి తలుపు ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఫ్రీజరు కిందనే సీసా పెట్టినా అదే ముప్పు. తలుపు అరల్లో పెడితే మేలు.

ఈ సంగతి మన ఊళ్లలో బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు: టీకాలు వేసే ఏఎన్ఎమ్. ఆమె భుజాన వేసుకొచ్చే టీకాల పెట్టెలో నాలుగు ఐసు ప్యాకులుంటాయి. వాటిని ఫ్రీజరు నుంచి తీసి నేరుగా పెట్టెలో పెట్టదు. బయట ఉంచి, పైన మంచు పోయి చెమర్చేదాకా ఆగుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాలి. అప్పుడే సర్దుతుంది. ధనుర్వాతం, హెపటైటిస్-బి, పెంటావేలెంట్ టీకాలు గడ్డకడితే పనికిరావు కాబట్టి ఆమెకు ఈ శిక్షణ ఇచ్చారు. సార్వత్రిక టీకాల కార్యక్రమంతో ఈ జ్ఞానం పల్లె పల్లెకూ నడిచి వస్తూనే ఉంది. అదే వీధిలో ఇన్సులిన్ వాడే మనిషికి మాత్రం దాన్ని ఎవరూ చెప్పలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. సుగ్గి బండ్లు కదిలే వారంలో ఏఎన్ఎమ్ పది నిమిషాలు కూర్చుని ఐసు ప్యాకు ఊపి చూపిస్తే చాలు, ఎన్నో సీసాలు దక్కుతాయి.

ఇక లెక్క చూద్దాం. భయం సగం పోయేది ఇక్కడే. మన దగ్గర దొరికే సీసాల్లో ఎక్కువ భాగం 10 మిల్లీలీటర్లవి, మిల్లీకి 40 యూనిట్లు. అంటే సీసాకు 400 యూనిట్లు. పొద్దున 20, రాత్రి 10 వేసుకునే మనిషికి ఒక సీసా 13 రోజులు వస్తుంది. మూత తెరిచి వాడుతున్న సీసాను ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు. 25 నుంచి 30 డిగ్రీల లోపు, ఎండ తగలని చోట, రకాన్ని బట్టి సుమారు 4 వారాలు నిలుస్తుంది. ఈ మనిషి సీసా అంతకు ముందే ఖాళీ అవుతుంది. కాబట్టి చిక్కల్లా తెరవని సీసాలతోనే. మూడు నెలలకు సరిపడా ఏడు సీసాలు ఒకేసారి మోసుకెళ్లడం తెలివైన పని కాదు. వాడుతున్నదొకటి, తెరవనిదొకటి ఉంచుకుని, మిగతావి పోయినచోట మెడికల్ షాపు ఫ్రిజ్ నుంచి ఎప్పటికప్పుడు కొనుక్కుంటే సరి. సీసా తెరిచిన తేదీ దాని మీద పెన్నుతో రాసుకోవాలి. డాక్టరు చీటీని ఫోన్లో ఫోటో తీసుకోవాలి.

అయితే కొత్త ఊళ్లో కొనేటప్పుడు ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. సీసా మందు మిల్లీకి 40 యూనిట్లదైతే దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జి మందు మిల్లీకి 100 యూనిట్లది, ఆ లెక్కకు నారింజ మూత సిరంజి. సీసా దొరకలేదని కార్ట్రిడ్జి కొని, చేతిలో ఉన్న ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా లాగితే ఒంట్లోకి రెండున్నర రెట్లు మందు పోతుంది. 20 అనుకున్నది 50 అవుతుంది. చలవ గురించి పడే దిగులులో పదో వంతైనా ఈ అంకె మీద పెట్టాలి. పాత సీసా పారేయకుండా తీసుకెళ్లి, అంగట్లో చూపించి, అదే పేరు, అదే అంకె ఉన్నది అడగడం అన్నిటికంటే భద్రం.

ప్రయాణపు రాత్రికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి బండికి ఐసే వద్దు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది, దాని చుట్టూ తువ్వాలు, బట్టల సంచి మధ్యలో, సంచి మన దగ్గర. బండి టాపు మీద, ఇంజను పక్కన, టూవీలరు డిక్కీలో మాత్రం పెట్టకూడదు. ఉగాది తర్వాత తిరిగొచ్చేటప్పుడు పగటి ప్రయాణమైతే తువ్వాలు తడిపి చుట్టాలి. లేదంటే నోరు వెడల్పున్న థర్మోఫ్లాస్కులో చెమర్చిన ఐసు ప్యాకు అడుగున, మధ్యలో మందపాటి గుడ్డ, పైన మందు డబ్బా. ఐసూ మందూ ఒకదానికొకటి తగలకూడదు.

చేను గట్టున ఉండే రెండు మూడు నెలలకు మాత్రం కుండ కావాలి. పెద్ద మట్టికుండలో చిన్న కుండ, రెంటి మధ్య ఇసుక, ఇసుకను పొద్దునా సాయంత్రం తడపడం, మూతగా తడి గోనె. రంగు, పాలిష్ వేసిన కుండలు పనికిరావు, వాటి గోడలు ఊపిరి పీల్చవు. మందు తడవకుండా మూత బిగిసే డబ్బాలో ఉంచి లోపలి కుండలో పెట్టాలి. కుండ ఉండాల్సింది చెట్టు నీడలో, గాలి ఆడేచోట. పట్టల గుడిసె లోపల మధ్యాహ్నం బయటికంటే వేడెక్కుతుంది.

ఫ్రిజ్ లేకుండా మందు ఉంచుకోవడం పేదవాళ్ల సర్దుబాటు అని తేలిగ్గా చూడొద్దు. కెన్యాలోని దదాబ్ శరణార్థుల శిబిరంలో ఇళ్లలో ఫ్రిజ్‌లు లేక, రోగులు సూది కోసం రోజూ ఆసుపత్రికి నడిచి రావాల్సి వచ్చేది. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ అక్కడి ఇళ్లలో పగలు, రాత్రి ఉష్ణోగ్రతలు కొలిచింది. జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో అవే 25–37 డిగ్రీల ఎగుడుదిగుళ్లలో పలు రకాల ఇన్సులిన్లను నాలుగు వారాలు ఉంచారు. 2021లో ఫలితం ప్రకటించారు: తగ్గిన శక్తి ఒక శాతానికి మించలేదు, చలవలో ఉంచిన దానితో పోలిస్తే తేడా లేదు. అంటే నెల రోజుల మందు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. కానీ ఆ 37 అంకెను గుర్తుంచుకోవాలి. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 మామూలు. ఆ పరీక్ష అంత దూరం పోలేదు. కాబట్టి కుండను వదలకూడదు.

కుండ ఎంత చల్లబరుస్తుందన్నది గాలి చేతుల్లో ఉంది. నీరు ఆవిరవుతూ కుండ వేడిని లాక్కుంటుంది, పొడిగాలిలో త్వరగా ఆవిరవుతుంది. నందవరంలో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుంటే, తడి కుండ దిగగలిగిన అడుగు సుమారు 23 డిగ్రీలు. అంత కిందికి చేరదు గానీ 26, 27 దాకా ఆశించవచ్చు. సముద్రానికి దగ్గరైన గుంటూరు వైపు 38 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్న రోజున ఆ అడుగే 29. ఇంటి దగ్గర బాగా పనిచేసిన కుండ పోయినచోట అంత చలవ ఇవ్వదు. మార్చి దాటాక కూడా అక్కడే ఉండేవాళ్లు తెరవని సీసాను గుడిసెలో ఉంచుకోకపోవడమే మంచిది. లోపల చిన్న థర్మామీటరు పెట్టి మధ్యాహ్నం ఒకసారి చూస్తే ఊహలతో పనుండదు.

చలవ సంగతి అటుంచితే, ఇంటి పట్టున కూర్చున్నప్పటి మోతాదు మిరప చేనులో సరిపోకపోవచ్చు. ఒళ్లు వంచి పనిచేస్తే షుగరు తనంతట తానే దిగుతుంది. కూడు ఆలస్యమైతే ఇంకా దిగుతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తికమక, ఇవి ఎండదెబ్బలాగే కనిపిస్తాయి. పక్కవాళ్లు నీళ్లు చల్లి నీడన పడుకోబెడతారు. కావాల్సింది చక్కెర: మూడు చెంచాలు నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. బయలుదేరే ముందే డాక్టరుతో "రెండు మూడు నెలలు కూలి పనికి పోతున్నా" అని చెప్పి మోతాదు అడిగి తెలుసుకోవాలి.

ఇన్సులిన్‌కు చెప్పిన గడువులు మిగతా సూదిమందులకు వర్తించవు. డయాలిసిస్ రోగులు కొనుక్కునే ఎరిత్రోపొయిటిన్, ఎముకలకు వేసే టెరిపారటైడ్ చలవ వదలకూడదు. బరువుకు, షుగరుకు ఇప్పుడు వేస్తున్న టిర్జెపటైడ్ 30 డిగ్రీల లోపు 21 రోజులు ఓర్చుకుంటుంది. కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ 25 డిగ్రీల లోపు 14 రోజులే. పాముకాటు మందును మన దేశంలో ఎక్కువగా పొడి రూపంలో చేసేది ఇందుకే, ఫ్రిజ్ సరిగా లేని ఆసుపత్రిలోనూ అది నిలుస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు నుంచి హజ్‌కో గల్ఫ్ పనికో విమానమెక్కేవాళ్లు మందును చేతి సంచిలోనే ఉంచుకోవాలి. సామాను గదికి వేస్తే పెట్టె దారి తప్పవచ్చు, మందు గడ్డకట్టవచ్చు. డాక్టరు చీటీ చూపిస్తే తనిఖీలో అభ్యంతరం ఉండదు. 2024 జూన్‌లో హజ్ రోజుల్లో మక్కాలో 51.8 డిగ్రీలు నమోదయ్యాయి. అక్కడ గాలి పొడి, కాబట్టి నీళ్లలో నానబెట్టి వాడే చలవ సంచులు బాగా పనిచేస్తాయి.

చివరికి మందు చెడిందో లేదో ఎట్లా తెలుస్తుంది? తేటగా ఉండాల్సిన రకం మసకబారితే, అరచేతుల మధ్య దొర్లించాక పాలలా కలవాల్సిన రకంలో గడ్డలు తేలితే, గాజుకు లోపల పొడి మంచులా అంటుకుంటే పారేయాలి. కానీ చెడినదంతా కంటికి కనిపించదు. మోతాదు మారకుండా, తిండి మారకుండా గ్లూకోమీటరులో అంకె రెండు మూడు రోజులు పైపైకి పోతుంటే మందునే అనుమానించి కొత్త సీసా తెరవాలి. విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే సీసా మార్చి చూద్దామని ఆగే సమయం ఉండదు. దగ్గరున్నది నరసరావుపేట ఆసుపత్రా, గుంటూరు పెద్దాసుపత్రా, రాత్రిపూట బండి ఎవరిది దొరుకుతుంది అన్నది కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రికి ముందే తెలిసి ఉండాలి. తన గుంపులో సూది వేసుకునేవాళ్లు ఎవరెవరో కూడా బండి కదలకముందే ఆయన అడిగి తెలుసుకోవాలి.