నీరు లేక నడిపిన పడవ మోటారు

గోదావరి లంకలలో సేద్యము చేయు మన సభ్యులకు పడవ లేనిదే వ్యవసాయము లేదు. ఎరువు బస్తాలు పోవుటయు, అరటి గెలలును పచ్చిగడ్డియు వచ్చుటయు దానిమీదనే. అట్టివారిలో కొందఱు గడకఱ్ఱను విడిచి, పడవ వెనుకచెక్కకు తగిలించు పెట్రోలు మోటారును వాడుచున్నారు. అమెరికాలోని మిల్వాకీ నగరమున ఓలే ఎవిన్రూడ్ అను నాతడు 1909వ సంవత్సరమున ఇట్టి మోటారులను అమ్మకమునకు తెచ్చిన తరువాత ఇవి దేశదేశముల వ్యాపించినవి. సౌకర్యము గొప్పదే. కాని దీనికొక నియమము కలదు. నీరు లేక దీనిని త్రిప్పరాదు. ఈ నియమము తప్పినవానికి శిక్ష వెంటనే రాదు. చిక్కంతయు అందులోనే యున్నది.

నేను తప్పినవాడనే గనుక చెప్పుచున్నాను. ఒక ఆషాఢమున, ఏటికి కొత్తనీరు రాకమున్నే మోటారును పరీక్షింతమని గట్టుమీద రెండు దుంగల నడుమ నిలిపి త్రాడు లాగితిమి. రెండవ లాగునకే అంటుకొన్నది. శబ్దము శుభ్రముగా నుండెను. మా పినతండ్రిగారు ‘మఱికొంచెము పెంచి చూడరా’ అనిరి, పెంచితిని. రెండు నిమిషములు నడచియుండును. పదిదినముల తరువాత, గడ్డిమోపులతోను ఐదుగురు మనుష్యులతోను వరదనీట ఏటి నడుమ నుండగా, మోటారు కాగి ఆవిరి చిమ్మి నిలిచిపోయెను. పడవ ప్రవాహమున కొట్టుకొనిపోయి, చాల దూరమున ఒక లంక కొసను తగులుకొన్నది. పడవలో ఒక తెడ్డుండబట్టి ఒడ్డెక్కితిమి.

మోటారు విప్పిన మెకానిక్కు నా అరచేతిలో ఒక చిన్న రబ్బరు చక్రమును పెట్టెను. దానికి సగము రెక్కలు లేవు. దీనిని వారు ఇంపెల్లరు అందురు. మోటారు క్రిందిభాగమున, ఇంజను నుండి దిగు నిలువు ఇరుసుతోపాటు ఇది తిరిగి, ఏటినీటిని పైకి తోడి సిలిండరుల చుట్టునున్న దారులలో పాఱించును. రెక్కలు తమ గిన్నెను ఒరసికొనుచు తిరుగును. ఆ ఒరపిడికి నీరే నూనె. నీరు లేనిచో కొలది సెకండ్లలోనే రబ్బరు వేడెక్కును. ఇంకను నడపినచో మాడి చిట్లును. ఇంజను మాత్రము ఏమియు ఎఱుగనట్లు మ్రోగుచుండును. తరువాత, మిగిలిన రెక్కలు కొంత నీరు తోడును. మెల్లగా పోవునపుడది చాలును. బరువుతో ఎదురేగునపుడు చాలదు. విఱిగిన ముక్కలు పైకెక్కి సన్నని దారులను మూయును. అటుపిమ్మట గాస్కెట్టు కాలుట, సిలిండరు తల వంగుట, పిస్టను పట్టుకొనుట. చిన్న రబ్బరు ముక్కతో పోవలసినది ఇంజనంతటికిని వచ్చును.

బావిమీద ఆయిలింజను నడుపువారు నీళ్లతొట్టి నింపక దానిని త్రిప్పరు. పడవ మోటారునకు ఏరే తొట్టి. గట్టుమీదికి తెచ్చితిమన్న తొట్టిని వదలి వచ్చితిమన్నమాట.

కావున ‘ఒక్క క్షణమే గదా’ అని పొడినేలపై త్రిప్పరాదు. పరీక్షింపదలచినచో పైభాగము కోసిన పెద్ద డ్రమ్ములో మోటారు కాలు దింపి, ఫ్యానుకు పైన అడ్డముగానుండు పలక బాగుగా మునుగువఱకు నీరు పోయవలెను. పశువుల కుడితిగోలెము లోతు చాలదు. గేరు వేయక, వేగము పెంచక నడపవలెను. ముందుగా ఫ్యాను ఊడదీసిన మఱియు మంచిది. నీరు పీల్చు రంధ్రములకు ఇరుప్రక్కల చెవులవలె పట్టుకొను రబ్బరు గిన్నెలు కూడ అమ్ముదురు. వానికి కుళాయి గొట్టము తగిలించి, ముందు నీరు విడిచి పిమ్మట ఇంజను త్రిప్పవలెను. కొన్ని మోటారులకు ప్రక్కన గొట్టము బిగించు మఱియొక ద్వారముండును. అది పెక్కింట ఇంజను ఆపి లోపల కడుగుటకే ఏర్పడినది. మోటారుతో వచ్చిన పుస్తకమును చూడక దానితో నడపరాదు. సముద్రపు ఉప్పునీట తిరిగినవారు మంచినీటితో ఇట్లు కడుగుట తప్పనిసరి. గాలితో చల్లబడు చిన్న మోటారులును కొన్ని కలవు. వాని సంగతి వేరు.

ఏటిలో నున్నను నీరందక పోవచ్చును. బరువంతయు ముందుభాగమున వేసినచో వెనుకభాగము లేచి మోటారు గాలిని పీల్చును. గుఱ్ఱపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ సంచులు రంధ్రములను మూయును. ఇసుకతిన్నెల దగ్గఱ లోతు తక్కువచోట నడపిన ఇసుక లోపలికి పోయి రెక్కలను అరుగదీయును. అందుచే కన్ను ఎప్పుడును మోటారు వెనుకనుండి పడు సన్నని నీటిధారమీద నుండవలెను. ఇంజను అంటుకొన్న కొలదిసేపటికే ధార రానిచో, లేక నడుమ సన్నగిల్లినచో, వెంటనే ఆపవలెను. ఆపిన తరువాత పీల్చు రంధ్రములను శుభ్రపఱచి, ధార వచ్చు రంధ్రములో సన్నని తీగెను పెట్టి చూడుడు. అప్పటికిని రానిచో తెడ్డు చేతబట్టుటయే మార్గము. కాగిన ఇంజనుపై చన్నీరు కుమ్మరింపరాదు, లోహము పగులును.

ఇంపెల్లరు చెడకున్నను ఏటేట వరదకాలమునకు ముందు విప్పి చూచుట మేలు. రెక్కలు వంగి బిఱుసెక్కియున్నచో మార్చవలెను. సంఘపు గిడ్డంగిలో వీనిని కొన్ని తెప్పించి యుంచిన అందఱకు ఉపయోగము. అయితే మోటారును బట్టి ఈ చక్రము మాఱును గనుక, సభ్యులు తమ మోటారు పేరును, నమూనా నంబరును చీటిపై వ్రాసి కార్యదర్శి కీయవలెను.