వెనక్కి తగ్గని వాకపల్లి ఆడబిడ్డలు

రాజమండ్రిలో మనకి మన్యం అంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు, జలపాతాల రీల్స్. అదే మన్యంలో పాడేరు వైపు వాకపల్లి అనే ఊరుంది. ఈరోజు ఆ ఊరి ఆడవాళ్ల గురించి చెప్తాను.

2007 ఆగస్టు 20. కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు ఫిర్యాదు చేశారు. పోలీసుల మీద ఫిర్యాదు, చెప్పుకోవాల్సింది మళ్లీ పోలీసులకే! ఎంత ధైర్యం కావాలో చూడండి.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విచారణ జరగాల్సిందేనని 2017లో కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసుల్ని నిర్దోషులని వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగ్గా జరగలేదంది, ఆ మహిళలకి పరిహారం ఇమ్మంది.

మరి వాళ్లు ఓడిపోయారా? నేనైతే అలా అనను. పదిహేనేళ్లు దాటినా వెనక్కి తగ్గలేదు కదా! కానీ ఒకటి అర్థమైంది. మొదటి రోజుల్లో పోయిన సాక్ష్యాన్ని తర్వాత ఏ కోర్టూ తిరిగి తేలేదు.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి. నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లో అయినా ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అత్యాచారం కేసులో సమాచారం అందిన 24 గంటల్లోపు, ఆమె ఒప్పుకుంటే, వైద్య పరీక్షకి పంపాలి. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చెయ్యాలి. సాయానికి 112, 181.

ఇంకో మాట. బాధితురాలి పేరు, ఫొటో ఫార్వర్డ్ చెయ్యడం కూడా నేరమే. అది మన చేతిలోని ఫోన్‌తోనే జరుగుతుంది. ఆపాల్సింది కూడా మనమే అండి.