అలను దాటించే మాను

సొలొమోను మందిరము కట్టించినప్పుడు తూరు రాజైన హీరాము దేవదారు మ్రానులను తెప్పలుగా కట్టించి సముద్రము మీద పంపించిన సంగతి రాజుల మొదటి గ్రంథము 5వ అధ్యాయములో చదువుతాము. పొలాల మధ్య పెరిగిన మనలో చాలామందికి "తెప్ప" అనేది బైబిలులోని మాట మాత్రమే. సికింద్రాబాదులో సాయంకాలం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగుతాము. ఆ ఒడ్డున ఉండే జాలరి కుటుంబాలకు మాత్రం తెప్ప అంటే తరతరాలుగా అన్నం పెట్టిన తల్లి.

తెప్ప చూపులకు ఏమంత గొప్పగా ఉండదు. తేలికపాటి మానులు కొన్నింటిని చెక్కి, ముందు భాగం పైకి లేచేలా మలచి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి తాడుతో బిగిస్తారు. అల మీద పడినప్పుడు నీరు మానుల సందుల్లోంచి కిందికి జారిపోతుంది. కాబట్టి అది నీరు నిండి మునిగేది కాదు. పని ముగిశాక కట్లు విప్పి మానులను ఎండలో ఆరబెడతారు. నీరు పీల్చిన మాను బరువెక్కుతుంది గదా! "కట్టుమరం" అనే తమిళ మాటనే తెల్లవారు "కాటమరాన్" అని పలికి లోకమంతటికీ తీసుకువెళ్ళారు. కట్టిన మాను అనే దాని అర్థం.

అసలు నేర్పు అలలు విరిగే చోట కనబడుతుంది. జాలరి తొందరపడడు. పెద్ద అలలు వరుసగా వచ్చి పోయేదాకా కనిపెట్టి, కాస్త తెరిపి దొరకగానే తెడ్డు వేసి దాటిపోతాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనుక నుండి లేచే అలను చూసుకొని, దాని వీపు మీదనే ఒడ్డుకు జారివస్తాడు. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. అంతకు పూర్వం ఓడలు దూరాన లంగరు వేసేవి. మనుషులనూ సరుకులనూ ఒడ్డు చేర్చినది పడవవారే. ఆ పడవల్లో మేకులు లేవు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు ఆ పడవ వంగేది గాని విరిగేది కాదు.

ఇలా అల మీద జారడాన్నే ఆటగా, కళగా పెంచుకున్న జనం పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులవారు. మన జాలరికి అది బ్రతుకుతెరువు, వారికి అది ఆనందం. రాజులూ పేదలూ, స్త్రీలూ పిల్లలూ అందరూ అలల మీద ఆడేవారు. పలకకు తగిన చెట్టును ఎన్నుకొని, నరకక ముందు దాని మొదట్లో ఎర్రని చేపను ఉంచి ప్రార్థించేవారు. రాతి బాడిసెతో చెక్కి, పగడపు రాయితో నునుపుచేసి, కుకుయి గింజల నూనె పట్టించేవారు. వాడిన తరువాత ఆరబెట్టి, గుడ్డ చుట్టి ఇంట్లో భద్రపరిచేవారు. "కోవా" చెట్టు పలకలు సామాన్యులకు, తేలికైన "విలివిలి" చెట్టుతో చేసిన పొడవైన పలకలు పెద్దలకు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. 1820లో అమెరికా మిషనరీలు ఆ దీవులకు వచ్చారు. వారు హవాయి భాషకు లిపి కూర్చారు, బడులు పెట్టారు, 1839లో సంపూర్ణ బైబిలును ఆ భాషలో ఇచ్చారు. అయితే వారిలో కొందరు ఈ ఆటను అరకొర బట్టలతోనూ పందాలతోనూ ముడిపెట్టి చిన్నచూపు చూశారు. అంతకన్నా పెద్ద దెబ్బ 1778 నుండి విదేశీ ఓడల వెంట వచ్చిన రోగాలది. లక్షలలో ఉండిన ఆ జనం 1890 నాటికి సుమారు 40 వేలకు తగ్గిపోయారు. ఆడేవారే లేనప్పుడు ఆట ఎలా నిలుస్తుంది?

అయినా అది చావలేదు. అదే 1890లో పుట్టిన డ్యూక్ కహానమోకు అనే హవాయి యువకుడు 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం గెలిచి, వెళ్ళిన దేశమల్లా ఈ ఆట చూపించాడు. 1925లో కాలిఫోర్నియా తీరాన ఒక పడవ బోల్తా పడితే, తన పలక మీద అలలకు ఎదురు వెళ్ళి 8 మందిని ఒడ్డుకు చేర్చాడు. పనికిరాని ఆట అనిపించుకున్నదే ఆ దినాన ప్రాణాలు కాపాడింది! 2021లో టోక్యోలో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌లో చేరినప్పుడు, స్త్రీల బంగారు పతకం హవాయి బిడ్డ కారిస్సా మూర్‌కే దక్కింది.

ప్రియ చదువరులారా, మన తీరంలో ఇప్పుడు ఫైబరు తెప్పలు, మోటార్లు వచ్చాయి. జాలరికి శ్రమ తగ్గింది. అది మంచిదే, ఎవరూ కాదనరు. రుషికొండ దగ్గర మన యువకులు కూడా పలకల మీద నిలబడి అలలాట నేర్చుకుంటున్నారు. కాని మానును చూసి దాని బరువు చెప్పగలిగిన చేతులు, తెప్పకు ముడి వేయగలిగిన వ్రేళ్ళు తగ్గిపోతున్నాయి. హవాయివారు పోగొట్టుకొని మళ్ళీ వెదకి పట్టుకున్నదానిని మనం చేతిలో ఉండగానే జారవిడుచుకోవడం తగునా?

ఈ వేసవి సెలవుల్లో పిల్లలను తీరంలోని చుట్టాల ఇంటికి పంపితే, సముద్రం చూసి రమ్మని మాత్రమే చెప్పకండి. ఆ పల్లెలో ముసలి తాత ఎవరైనా ఉంటే, ఆయన దగ్గర కూర్చుని ఒక్క ముడి నేర్చుకొని రమ్మనండి.