ఇంటికి కాంతితీగ: ఎంపికలో వివేకం

మానవుడు తన మాటను దూరానికి చేరవేయడానికి ఆదినుండి అనేక సాధనాలను కల్పించుకొన్నాడు. పావురం, గుఱ్ఱపు టపా, తంతి, టెలిఫోను - ఒక్కొక్కటి తన కాలంలో అద్భుతమే. నేడు ఆ స్థానాన్ని వెంట్రుకవంటి ఒక గాజుతీగ ఆక్రమించింది. మన రాష్ట్రంలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నవి. ఉపకారవేతనానికి ఈ-పాస్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. హాల్ టికెట్టు, పరీక్షాఫలితం, ఉద్యోగ ప్రకటన - అన్నీ ఆ తీగ వెంటనే వస్తున్నవి. కనుక ఇంటిలో ఇంటర్నెట్ నేడు విలాసం కాదు. దీపం వలె, కుళాయి వలె అదికూడ ఒక అవసరం. చీకటి పడిన పిదప నెట్ సెంటరుకు వెళ్ళడం సాధ్యపడని విద్యార్థిని విషయంలో ఇది మరింత నిజం. గడువు ముగిసే రాత్రి ఇంటి తీగ పనిచేయకపోతే ఆమె ఒక విద్యాసంవత్సరాన్నే కోల్పోవచ్చును.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో స్తంభాల వెంట నడిచి చూడండి. కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ సందులలో ప్రతి గోడమీద ఒక బ్రాడ్‌బ్యాండ్ ప్రకటన కనిపిస్తుంది. జియో, ఎయిర్‌టెల్, ఏసీటీ, బీఎస్ఎన్ఎల్, హాత్‌వే, వీటికి తోడు వీధి కేబుల్ ఆపరేటర్లు. అందరిదీ ఒకటే మాట - వేగం. వినియోగదారుడు ఆ అంకెలను పోల్చి, రెండు వందల రూపాయలు తక్కువైన చోట సంతకం చేస్తాడు. ఈ పద్ధతి సరియైనది కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనం నిజంగా కొంటున్నది సంస్థ పేరును కాదు, ప్రకటనలోని వేగాన్ని కాదు. వీధిస్తంభం నుండి మన గదివరకు గల చివరి మూడు నాలుగు వందల అడుగుల తీగను, అది తెగిననాడు వచ్చి అతికించే మనిషిని మనం కొంటున్నాము.

ఈ మాటలోని సత్యం తెలియాలంటే తీగ స్వభావం కొంత తెలియాలి. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1954లో, లండనులో పరిశోధన చేస్తూ, గాజుతీగల కట్టగుండా ఒక చిత్రాన్ని పంపవచ్చునని నిరూపించాడు. అయితే ఆనాటి గాజులో కాంతి కొద్ది దూరంలోనే క్షీణించిపోయేది. గాజును తగినంత శుద్ధి చేస్తే దూరవార్తలకు పనికివస్తుందని 1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ సిద్ధాంతీకరించారు. కిలోమీటరు దూరం పోయిన తరువాత నూటికి ఒక పాలు కాంతి మిగిలినా చాలునన్నది వారి లెక్క. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ ఆ గాజును సాధించింది. కావోకు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నేటి మేలురకం తీగలో కిలోమీటరు పిదప నూటికి సుమారు 95 పాళ్ళ కాంతి మిగిలే ఉంటుంది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించింది. సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్ అని 2004లో ప్రభుత్వం నిర్వచించగా, 2023లో ఆ కనీసాన్ని 2 మెగాబిట్లకు పెంచింది. మన నగరంలో పుట్టిన బీమ్ టెలికాం కాలక్రమాన బెంగుళూరుకు చెందిన ఏసీటీలో కలిసిపోయింది. ఆ ఏసీటీ 2017లో సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని హైదరాబాదులో ప్రవేశపెట్టింది. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వచ్చిన పిదప పోటీ పెరిగి, సామాన్య కుటుంబం కూడ ఈ సేవను పొందగల స్థితి ఏర్పడింది.

ఇక ఆ తీగ ఇంటికి చేరే విధం. సంస్థ కేంద్రం నుండి బయలుదేరిన ఒక గాజుతీగ వీధిలోని ఒక పెట్టెలో చీలుతుంది. సాధారణంగా ఒక తీగను 32 లేదా 64 ఇండ్లకు పంచుతారు. విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ ఒక్క తీగ సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లను తేగలదు. 32 ఇండ్లవారూ ఒకే క్షణంలో పూర్తిగా వాడితే ఇంటికి వచ్చేది సుమారు 78. 64 ఇండ్లైతే సుమారు 39 మాత్రమే. అందరూ ఏకకాలంలో వాడరన్న నమ్మకంమీదనే సంస్థలు ఇంటింటికి నూరు, రెండు వందలు అని వాగ్దానం చేయగలుగుతున్నవి. పగలు బాగా నడిచిన ఇంటర్నెట్ రాత్రి ఎనిమిది నుండి పది గంటల మధ్య మందగించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ సమయంలోనే మన విద్యార్థులు చదువుకు కూర్చొంటారన్నది గమనించాలి.

ఫైబర్ అన్న పేరుగలవన్నీ ఒకటి కావు. కొన్ని చోట్ల గాజుతీగ ఇంటిలోపలి వరకు వస్తుంది. మరికొన్ని చోట్ల భవనం క్రిందనో, వీధి మలుపులోనో ఉన్న పెట్టెవరకే వచ్చి, అక్కడినుండి రాగితీగ సాగుతుంది. ఆ పెట్టెకు విద్యుత్తు కావాలి. అందుచేత మీ ఇంటిలో ఇన్వర్టరు ఉన్నా, వీధిలో కరెంటు పోయి ఆ పెట్టెకు బ్యాటరీ లేకపోతే సేవ నిలిచిపోతుంది. 2023 నుండి ప్రచారంలోనికి వచ్చిన ఎయిర్‌ఫైబర్ అసలు తీగే కాదు. అది 5జీ రేడియో తరంగాలద్వారా మేడమీది పరికరానికి చేరే సేవ. తీగ రాని ఇంటికి అది ఉపయోగమే. కాని పేరును చూచి గాజుతీగ అని భ్రమపడరాదు. కనుక అడుగవలసిన మొదటి ప్రశ్న: “గాజుతీగ ఎక్కడివరకు వస్తుంది?”

రెండవ ప్రశ్న మరింత ముఖ్యం: “ఆ తీగ ఏ దారిన వస్తుంది?” మన ప్రాంతంలో అధికభాగం తీగలు విద్యుత్ స్తంభాలమీదనే వ్రేలాడుతున్నవి. 2025 ఆగస్టులో, మనకు సమీపంలోనే ఉన్న రామంతాపూర్‌లో, శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తరువాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలమీది కేబుళ్ళను నగరమంతటా తొలగించసాగింది. అనేక గృహాలలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎయిర్‌టెల్ సంస్థ హైకోర్టును ఆశ్రయించింది. అనుమతి పొందిన తీగలు ఏవి, పొందనివి ఏవి అన్న ప్రశ్న న్యాయస్థానం ఎదుట నిలిచింది. ఈ సంఘటన మనకు రెండు పాఠాలు చెప్పింది. మొదటిది, మనుష్యుల ప్రాణంకంటె ఏ తీగా విలువైనది కాదు. చేతికందేట్లు వ్రేలాడే తీగను చూచినప్పుడు ఊరుకొనరాదు, ముట్టుకొనరాదు, వెంటనే ఫిర్యాదు చేయాలి. రెండవది, ఎంత గొప్ప సంస్థ తీగైనా అది వచ్చే దారి క్రమమైనది కాకపోతే ఒక్క ఉదయంలో తెగిపోగలదు. ఇంటిలో రెండు సేవలు తీసుకొనే స్తోమత ఉన్నవారు, లేదా ప్రక్క ఇండ్లవారు పరస్పరం సాయపడాలనుకొనేవారు, రెండూ ఒకే స్తంభం మీదుగా రాకుండ చూచుకోవాలి. ఒక తీగ, ఒక మొబైల్ డేటా - ఈ జత మధ్యతరగతివారికి చవుకైన రక్ష.

ఈ రెండు ప్రశ్నలకు నమ్మదగిన సమాధానం ప్రకటనలో దొరకదు. మీ మెట్లమీద, మీ వరుసలో, అదే స్తంభంనుండి తీగ తీసుకొన్న పొరుగువారివద్దనే దొరుకుతుంది. చైతన్యపురిలోని స్నేహితునికి బాగున్న సంస్థ ఎల్.బి. నగర్‌లోని మీ సందులో బాగుండకపోవచ్చును. పెట్టె వేరు, తీగ వేరు, బాగుచేసే మనిషి వేరు. బీఎస్ఎన్ఎల్ వంటి ప్రభుత్వ సంస్థకూడ అనేక చోట్ల స్థానిక భాగస్వాములద్వారానే ఇంటికి తీగ ఇస్తున్నది. పొరుగువారిని “వేగం ఎంత?” అని అడుగవద్దు. “గత ఆరు నెలలలో ఎన్నిసార్లు ఆగింది? ఆగినప్పుడు ఎన్ని గంటలకు వచ్చి బాగుచేశారు?” అని అడగండి. అక్కడి అత్తయ్య, ఇక్కడి చాచా చెప్పే ఆ రెండు జవాబులు అన్ని కరపత్రాలకంటె విలువైనవి.

తరువాత వేగం సంగతి. ప్రకటనలో చెప్పేది బిట్లలో, మనం దించుకొనే గ్రంథం లేక చిత్రం ఉండేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైట్. 100 మెగాబిట్ల సేవలో సెకనుకు వచ్చేది పన్నెండున్నర మెగాబైట్లే. ఒక గిగాబైట్ పాఠాన్ని దించుకొనడానికి 40 మెగాబిట్ల సేవలో మూడు నిమిషాల ఇరవై సెకన్లు, 100 మెగాబిట్ల సేవలో ఎనభై సెకన్లు పడుతుంది. ఈ రెండు నిమిషాల ఆదాకోసం నెలనెలా ఎంత అధికంగా చెల్లించవచ్చునో ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. స్పష్టమైన వీడియో పాఠానికి సుమారు 5 మెగాబిట్లు చాలును. నలుగురైదుగురున్న ఇంటికి 40 లేక 50 మెగాబిట్లు నిలకడగా వస్తే కొరత ఉండదు. కాని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఇరవైమంది ఒక 100 మెగాబిట్ల సేవను పంచుకొంటే, అందరూ కూర్చున్న వేళ తలకు వచ్చేది 5 మాత్రమే. దింపుకొనే వేగంతో పాటు పైకి పంపే వేగం ఎంతో కూడ తెలుసుకోవాలి. ఆన్‌లైన్ పరీక్షలో మన చిత్రం, మన సమాధానం వెళ్ళేది ఆ దారినే.

ధర విషయంలో ప్రకటించిన మొత్తం, చెల్లించే మొత్తం వేరు. ఒక ప్రణాళిక నెలకు 499 రూపాయలని అనుకొందాము. దానిపై 18 శాతం జీఎస్టీ చేరి 588 రూపాయల 82 పైసలవుతుంది. దీనికి అమరిక రుసుము, రౌటరు డిపాజిటు తోడు కావచ్చును. ఆరు నెలలు ముందుగా చెల్లిస్తే రౌటరు ఉచితం అనే మాటలో ఆకర్షణ ఉన్నది. అయితే నడుమ ఇల్లు మారితే మిగిలిన సొమ్ము ఏమవుతుంది? అద్దె ఇండ్లు అధికంగా ఉన్న మన ప్రాంతంలో ఈ ప్రశ్న అడుగక తప్పదు. కనుక మొదట ఒక నెలకే తీసుకొని, రాత్రివేళ పరీక్షించి, తృప్తి కలిగిన పిదపనే దీర్ఘకాలానికి చెల్లించడం వివేకం. ‘అపరిమితం’ అన్న మాటకుకూడ పరిమితి ఉంటుంది. కొన్ని ప్రణాళికలలో నెలకు 3,300 గిగాబైట్లు దాటిన తరువాత వేగం తగ్గుతుంది. ఒక కుటుంబానికి అది చాలినంతే. కాని హాస్టలుకు చాలకపోవచ్చును. ఈ హద్దును, హద్దు దాటిన పిదప ఉండే వేగాన్ని వినియోగదారునికి స్పష్టంగా తెలుపవలెనని ట్రాయ్ 2016లో సంస్థలను ఆదేశించింది. అడగడం మన హక్కు.

తీగ ఇంటికి వచ్చిన తరువాతకూడ మన బాధ్యత కొంత ఉన్నది. గాజుతీగను తలుపు సందులో నలుగనీయరాదు, గట్టిగా వంచి మేకుకు చుట్టరాదు. వంపులో కాంతి బయటికి పోతుంది. పరికరంమీద ఎర్రదీపం వెలిగితే కాంతి అందడం లేదని సాధారణంగా అర్థం. అప్పుడు రౌటరును పదేపదే ఆర్పి వెలిగించడం వృథా. రౌటరును బీరువా వెనుక కాక, ఇంటి నడుమ ఎత్తైన చోట ఉంచాలి. అందులోని 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను దాటుతుంది కాని నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనది కాని గోడలవద్ద నీరసిస్తుంది. కరెంటు పోయినప్పుడు పరికరాలు నడవడానికి చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే దరఖాస్తు నడుమ ఆగదు. సంకేతపదాన్ని వీధికంతటికీ పంచడం ఔదార్యం అనిపించవచ్చును. కాని ఆ సేవద్వారా ఎవరైన నేరం చేస్తే మొదటి విచారణ ఎవరి పేరున సేవ ఉన్నదో వారినే చేస్తారు.

సేవ చెడినప్పుడు ఫోనులో కోపగించి ఊరుకొంటే ఫలితం ఉండదు. ఫిర్యాదు చేసి, దాని నమోదు సంఖ్యను వ్రాసి ఉంచుకోవాలి. అక్కడ న్యాయం జరుగకపోతే, 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఉండవలసిన అప్పీలు అధికారికి విన్నవించాలి. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. రసీదులు, నమోదు సంఖ్యలు, సేవ ఆగిన తేదీలు వ్రాసిన ఒక చిన్న పుస్తకం - ఇవే సామాన్యుని సాక్ష్యాలు.

విద్యార్థి మిత్రులారా! ఇండ్లలో పెద్దలు ఈ విషయాన్ని మీకే విడిచిపెడుతున్నారు. అమ్మీజాన్ అయినా, నాన్నగారైనా మీరు చూపిన చోట సంతకం చేస్తారు. కనుక అంకెల మెరుపుకు లోబడక, పొరుగును విచారించి, తీగ దారిని చూచి, పన్నుతో లెక్కవేసి, ఒక నెల పరీక్షించి నిర్ణయించండి. అంతకంటె ముఖ్యం, దరఖాస్తును చివరి రాత్రికి వాయిదా వేయవద్దు. ఏ తీగైనా తెగగలదు.

కళాశాల కమిటీ పెద్దలకుకూడ ఒక మనవి. ఇంటిలో ఏ తీగా లేని విద్యార్థులు మన తరగతులలో ఇంకను ఉన్నారు. ప్రవేశాల, ఉపకారవేతనాల గడువు చివరి వారంలో కంప్యూటరు గదిని సాయంకాలం మరి రెండు గంటలు తెరచి ఉంచి, ఉర్దూలోను తెలుగులోను వివరించగల ఒకరిని అక్కడ కూర్చుండబెడితే, వారిలో ఎవరికీ తీగ లేని కారణంగా చదువు ఆగదు.