సర్వీస్ ఛార్జ్ కట్టాల్సిందేనా?

మొన్న ఫ్రెండ్ బర్త్‌డేకి పన్నెండు మందిమి రెస్టారెంట్‌కి వెళ్లాం. తిన్నది 6,000 రూపాయలకి. బిల్లులో దాని కింద 10 శాతం సర్వీస్ ఛార్జ్, అంటే ఇంకో 600. "పెద్ద గ్రూపులకి కంపల్సరీ" అన్నాడు మేనేజర్. తలా యాభై వేసుకుని కట్టేశాం.

నిజానికి కట్టక్కర్లేదు. జీఎస్టీ ప్రభుత్వ పన్ను, తప్పదు. సర్వీస్ ఛార్జ్ రెస్టారెంట్ సొంతంగా వేసుకునేది. దాన్ని బిల్లులో ఆటోమేటిక్‌గా కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్లినా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటినే సమర్థించింది. పెద్ద గ్రూపులకి వేరే రూలేమీ లేదు.

తీసేయమని అడగండి. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ రోజు మాకీ సంగతి తెలిసుంటే, ఆ 600లో కొంతైనా మాకు ఓపిగ్గా వడ్డించిన అన్న చేతికే ఇచ్చేవాళ్లం.